కదలని బాణం: క్యాబ్ నడిపే మేనల్లుడికి ఒక ఉత్తరం

అల్లుడూ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి, "వీడి ఫోన్‌లో ఎప్పుడు చూసినా ఏదో నీడ కనబడుతోందిరా, దిష్టి తగిలిందో ఏమో" అంది. నిమ్మకాయ కట్టమని చెప్పి పెట్టేశాను. తర్వాత నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. పైన అడ్డంగా ఒక పట్టీ, అడుగున ఇంకో పట్టీ, మధ్యలో కాస్త కిందికి చిన్న బాణం గుర్తు. అది దిష్టి కాదు, నీ డ్యూటీ. రోజుకు పన్నెండు గంటలు మ్యాప్ పెట్టుకుని బండి నడుపుతున్నావు కదా, అందులో కదలనివి ఏవేవి ఉన్నాయో అవన్నీ స్క్రీన్ మీద అచ్చు పడ్డాయి. గమనించావో లేదో, రోడ్డు మాత్రం పడలేదు. మెహిదీపట్నం నుంచి శంషాబాద్ దాకా రోడ్డు జరుగుతూనే ఉంటుంది. ఎటు తిరగాలో చెప్పే పట్టీ, ఎన్ని నిమిషాలో చెప్పే పట్టీ, నీ బండిని చూపించే బాణం ఉన్నచోటనే ఉంటాయి.

మార్కెట్‌లో దీన్ని కొందరు షేడ్ అంటారు, కొందరు బర్న్ అంటారు. పేరేదైనా, కంగారు పడకుండా ముందు రెండు పరీక్షలు చెయ్యి. ఆ నీడ కనబడుతున్నప్పుడు ఒక స్క్రీన్‌షాట్ తీసి అక్క ఫోన్‌కు పంపు. అక్కడ కూడా నీడ కనబడితే తప్పు సాఫ్ట్‌వేర్‌ది, ఏదో యాప్ పైన తెరుచుకుని ఉంది. అక్క ఫోన్‌లో శుభ్రంగా ఉండి నీ దాంట్లోనే కనబడితే తప్పు డిస్‌ప్లేది. రెండోది, రాత్రి ఫోన్ పూర్తిగా ఆఫ్ చేసి పడుకో. పొద్దున బూడిద రంగు బొమ్మ ఒకటి స్క్రీన్ నిండా పెట్టి, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూడు. తెల్లది పెట్టకు, తెలుపు మీద సన్నని మచ్చ దాక్కుంటుంది, బూడిద రంగు దాన్ని పట్టిస్తుంది. పొద్దుటికి పోతే అది తాత్కాలిక నీడ, మరిచిపో. ఉంటే ఇక ఉంటుంది.

ఎందుకు ఉంటుందో చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతావన్నీ నీకే తడతాయి. దసరాకు ఇంటికి సున్నం వేయిద్దామని గోడ మీది క్యాలెండర్ తీస్తే దాని వెనక చదరం కొత్తగా, చుట్టూ గోడ వెలిసిపోయి కనబడుతుంది చూడు. క్యాలెండర్ గోడకు ఏ మచ్చా పెట్టలేదు. మిగతా గోడ ఎండకు వెలిసింది, అది వెలవలేదు, అంతే. నీ ఫోన్‌లో ఉన్నది అమోలెడ్ డిస్‌ప్లే. దాంట్లో వెనక ట్యూబ్‌లైట్ లాంటిది ఏదీ ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు లక్షల కొద్దీ ఉంటాయి, ఒక్కొక్క చుక్కా తనే వెలుగుతుంది. వెలిగిన కొద్దీ దాని లోపలి పదార్థం అరుగుతుంది. ఎక్కువసేపు వెలిగిన చుక్క మసకబారుతుంది, పక్కది ఇంకా తాజాగా ఉంటుంది. ఆ తేడానే నువ్వు నీడ అంటున్నావు. మూడింటిలోనూ నీలం చుక్క త్వరగా అలసిపోతుంది. తెలుపులో నీలం కూడా కలిసి ఉంటుంది కాబట్టి తెల్లపట్టీ ఎక్కువసేపు ఉన్నచోట నీలం తగ్గి, పాత కాగితంలా పసుపుతేలుతుంది. కంపెనీలకు ఇది తెలియక కాదు. చాలా ఫోన్లలో నీలం చుక్కను మిగతా వాటికన్నా పెద్దగా పెడతారు, బరువు పంచుకుని నాలుగు రోజులు ఎక్కువ బతుకుతుందని.

ఈ వెలిగే పదార్థంతో దీపం చేసి 1987లో లోకానికి చూపించింది కొడాక్ కంపెనీలో పనిచేసే చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే ఇద్దరు. మా పెళ్లి ఫోటోలకు రీళ్లు కొన్న కొడాకే. ఆ రీళ్ల కాలం పోయింది, ఈ దీపం మాత్రం అందరి జేబుల్లోకి వచ్చింది.

నేను పిక్చర్ ట్యూబ్ టీవీలు బాగుచేసే రోజుల నుంచి ఈ మచ్చ చూస్తున్నాను. ఆ ట్యూబులకు లోపల ఫాస్ఫర్ అనే వెలిగే పూత ఉండేది, ఒకే బొమ్మ నెలల తరబడి నిలిస్తే ఆ పూత అరిగేది. ఏటీఎంలలో పాత స్క్రీన్ల మీద కార్డు పెట్టమనే అక్షరాలు, స్క్రీన్ ఆఫ్‌లో ఉన్నా కనబడేవి. కంప్యూటర్లలో స్క్రీన్‌సేవర్లు పుట్టింది ఇందుకే, అందం కోసం కాదు.

ఇంత తెలిసిన నేనే ఒకసారి బోల్తా పడ్డాను. షాపు ముందు అంటించిన క్యూఆర్ కోడ్ స్టిక్కర్ వానకు తడిసి ఊడిపోయింది. కొత్తది తెప్పించేదాకా అని నా ఫోన్‌లోనే కోడ్ తెరిచి, బ్రైట్‌నెస్ మొత్తం పెంచి, కౌంటర్ మీద నిలబెట్టాను. ఆ 'తెప్పించేదాకా' అన్నది ఐదు నెలలు నడిచింది. ఆ తర్వాత ఆ ఫోన్‌లో ఏ సినిమా పెట్టినా హీరో మొహం మీద నా క్యూఆర్ కోడే. మీ అత్త, "నీ హీరోకు కూడా డబ్బులు పంపొచ్చేమో స్కాన్ చెయ్యి" అని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఇక నీ సంగతి. పడిన మచ్చ పోదు, ఆ ఆశ వదిలెయ్. ఇంకా ముదరకుండా చూసుకోవాలి, అది నీ చేతిలో పనే. దీంట్లో పెద్ద శత్రువులు వెలుతురు, వేడి. వెలుతురు రెట్టింపు చేస్తే చుక్క ఆయుష్షు సగానికే ఆగదు, సగం కన్నా కిందికి పోతుంది. నువ్వేమో ఫోన్‌ను ముందు అద్దానికి అతికించే హోల్డర్‌లో పెడుతున్నావు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, అద్దం వెనక ఇంకా ఎక్కువ. ఎండ తగలగానే ఫోన్ ఆటో బ్రైట్‌నెస్‌లో, నువ్వు చేత్తో పెంచగలిగినదానికన్నా పైకి పోతుంది. పైగా కింద చార్జింగ్ నడుస్తుంటుంది, అదొక వేడి. మూడూ కలిపి డిస్‌ప్లేను పెనం మీద పెట్టినట్టే. ఈ వారంలోనే ఆ అద్దం హోల్డర్ తీసేసి ఏసీ గాలి వచ్చే జాలీకి తగిలించేది కొనుక్కో. ఎండ నేరుగా తగలదు, చల్లగాలి వెనక నుంచి తగులుతుంది. ఎండ తగలకపోతే వెలుతురు అంత పెంచాల్సిన పనీ ఉండదు. నేను చెప్పే అన్నింటిలో ఇదొక్కటి చేసినా చాలా మేలు.

మ్యాప్ సెట్టింగ్స్‌లో ముదురు రంగు థీమ్ ఉంటుంది. అమోలెడ్‌లో నలుపు అంటే ఆ చుక్క ఆరిపోయి ఉండడం, ఆరిన చుక్క అరగదు. రాత్రి ట్రిప్పులకు అదే పెట్టు. పగలు కళ్లకు కష్టంగా ఉంటే మాత్రం వద్దు. డిస్‌ప్లే కోసం రోడ్డు మీద చూపు పాడుచేసుకోకు. కీబోర్డు, వాట్సాప్, ఫోన్ మొత్తం డార్క్ మోడ్‌లో పెట్టడానికి ఏ అడ్డూ లేదు. అడుగున మూడు బటన్ల పట్టీ ఉంటే తీసేసి, వేలితో జరిపే పద్ధతికి మారు. మొదటి రెండు రోజులు చిరాకు, తర్వాత అలవాటైపోతుంది. ట్రిప్పుల యాప్ వాడు స్క్రీన్ మీద ఒక గుండ్రటి బుడగ వదులుతాడు కదా, దాన్ని అప్పుడప్పుడు ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుతుండు.

ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో గంటలు గంటలు కూర్చుంటావు. అప్పుడు యాప్ తెరిచి, తెల్లటి స్క్రీన్ వైపు చూస్తూ ట్రిప్ ఎప్పుడు పడుతుందా అని కూర్చోకు. నోటిఫికేషన్ సౌండ్ పెద్దగా పెట్టి స్క్రీన్ ఆఫ్ చెయ్యి. ముందు ఒకటి రెండు సార్లు ఖాళీ టైమ్‌లో పరీక్షించి చూసుకో, ఆఫ్‌లో ఉన్నా ట్రిప్ మోగుతోందా లేదా అని. బ్యాటరీ సేవర్ ఆ యాప్‌ను నిద్రపుచ్చితే మోగదు, కాబట్టి దానికి మినహాయింపు ఇవ్వు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కావనుకో, నూట యాభై ఎనిమిది కిలోమీటర్ల చుట్టులో నీకు కావాల్సింది దిగే చోటు ఒక్కటే. అంతదాకా స్క్రీన్ వెలగడం ఎందుకు? స్క్రీన్ ఆఫ్ చేసినా మ్యాప్ నోరు మూయదు, ఎగ్జిట్ రాగానే చెబుతుంది.

ఇవన్నీ చెప్పాక అసలు మాట చెబుతాను, నాకైతే ఇదే సరైన దారి అనిపిస్తుంది. మీ ఇంట్లో నువ్వు రెండేళ్ల కింద పక్కన పడేసిన పాత ఫోన్ ఉంది కదా, అది ఎల్‌సీడీ. దాంట్లో చుక్కలు తాము వెలగవు, వెనక ఒక లైట్ వెలుగుతుంది, ముందున్నవి దాన్ని ఆపడమో వదలడమో చేస్తాయి. దానికీ ఒక్కోసారి నీడ పడుతుంది కానీ, ఎక్కువగా కాసేపు వేరే బొమ్మ పెడితేనో, ఆఫ్ చేస్తేనో పోతుంది. దాన్ని బండికి రాసివ్వు. మ్యాప్, ట్రిప్పులు దాంట్లో, నీ మంచి ఫోన్ జేబులో. బ్యాటరీ వీక్ అయి ఉంటుంది, నేను మారుస్తాను. రంగులు అంత బాగుండవు. బండిలో రంగులతో పనేముంది?

ఇప్పుడు నువ్వు చేయకూడనివి. మచ్చ పోగొడతామని చెప్పే యాప్‌లు దొరుకుతాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం గంటల తరబడి మెరిపిస్తాయి. తాత్కాలిక నీడ అయితే దాంతో పోవచ్చు, అది ఊరికే ఆఫ్ చేసినా పోతుంది. అరిగిన చుక్కకు మాత్రం పోయింది తిరిగి రాదు. మిగతా చుక్కల్ని కూడా అరగదీసి అన్నిటినీ సమానం చేయడమే అవి చేయగలిగింది. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. అలాగే ఎవడైనా "పైన గ్లాస్ మారుస్తాం, మచ్చ పోతుంది" అంటే నమ్మకు. మచ్చ గ్లాస్ మీద లేదు, దాని కింద ప్యానెల్‌లో ఉంది. గ్లాస్ మార్చితే కొత్త గ్లాస్ కింద పాత మచ్చ ఇంకా స్పష్టంగా కనబడుతుంది. స్క్రీన్ మీద నిలువుగా ఆకుపచ్చ గీత వచ్చిందని ఎవరైనా చెప్పినా అది వేరే జబ్బు, దాన్నీ దీన్నీ కలపకు.

వారంటీ ఉంటే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కే పో, బయట ఎవరి చేతా విప్పించకు, నా చేత కూడా. కానీ పెద్ద ఆశ పెట్టుకోకు. చాలా కంపెనీలు దీన్ని వాడకంలో అరుగుదల కిందే లెక్కేస్తాయి. ఐఫోన్‌కు మొదటిసారి ఓఎల్ఈడీ (నీ అమోలెడ్ కూడా ఈ జాతిదే) పెట్టిన 2017లో ఆపిల్ తన సొంత సహాయ పేజీలోనే, చాలాకాలం వాడితే ఇలాంటి మార్పు సహజమే అని రాసుకుంది. అదే ఏడాది పిక్సెల్ 2 ఎక్స్ఎల్ ఫోన్ మీద ఇదే మచ్చ గోల లేచినప్పుడు గూగుల్ వారంటీని రెండేళ్లకు పెంచింది. అడిగితే పోయేదేం లేదు.

డిస్‌ప్లే మార్పిస్తానని అక్కతో అన్నావట. నేనైతే ఇప్పుడే వద్దంటాను. బూడిద రంగు మీద తప్ప కనబడని నీడ కోసం ఫోన్ ధరలో మూడో వంతు పెట్టడం దండగ. పగిలినప్పుడో, టచ్ పోయినప్పుడో ఎలాగూ మార్చాలి, అప్పుడు చూద్దాం. అప్పుడైనా చవగ్గా దొరికిందని కాపీ కాంబో, అంటే గ్లాస్, టచ్, డిస్‌ప్లే కలిపి వచ్చే నకిలీ సెట్టు, వేయించుకోకు. అమోలెడ్ ఫోన్లకు ఎల్‌సీడీ కాపీలు వస్తాయి. చూడ్డానికి వెలుగుతాయి. ఇంటికొచ్చి స్క్రీన్ మీద వేలు పెడితే ఫింగర్‌ప్రింట్ పనిచేయదు, ఎందుకంటే ఆ సెన్సర్ డిస్‌ప్లే కింద నుంచి చూస్తుంది, ఎల్‌సీడీ వెనక లైటు పొర దానికి అడ్డం. చీకట్లో నల్ల బొమ్మ పెట్టి చూస్తే కూడా తెలిసిపోతుంది, ఒరిజినల్‌లో నలుపు నలుపుగా ఉంటుంది, కాపీలో బూడిదగా మెరుస్తుంది. ఒకసారి ఒక హోల్‌సేలర్ దగ్గర ఒరిజినల్ అని ఇరవై కాంబోలు తెచ్చుకుని, పదకొండు వెనక్కి పట్టుకెళ్లాను. వాడు మూడే తీసుకున్నాడు. మిగతావి ఇంకా అటక మీదే ఉన్నాయి.

నీ స్నేహితుడెవరో జగదీశ్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటానంటున్నాడట. అతనికి చెప్పు, కదిలే వాల్‌పేపర్ పెట్టి చూపిస్తే తృప్తి పడొద్దని. బూడిద రంగు బొమ్మ ముందే తన ఫోన్‌లో పెట్టుకుని వెళ్లి, కొనే ఫోన్‌కు పంపుకుని, షాపు లైట్ల కింద కాకుండా కాస్త నీడలో స్క్రీన్ నిండా తెరిచి చూడమను. పైన టైమ్, బ్యాటరీ గుర్తు ఉండే చోటు, అడుగున కీబోర్డు చోటు, ఈ రెండే ముందు అరుగుతాయి. షోరూమ్‌లో డెమోకు పెట్టిన ఫోన్ అంటే ఇంకా జాగ్రత్త. అది పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే వీడియో చూపిస్తూ పూర్తి వెలుతురులో నిలబడి ఉంటుంది, పాపం.

ఆదివారం డ్యూటీ పెట్టుకోకు, పొద్దున్నే షాపుకు రా. హోల్డర్ నేనే తెప్పించి ఉంచుతాను, బండికి బిగించి చూద్దాం. పాత ఫోన్‌తో పాటు దాని చార్జర్ కూడా తెచ్చుకో, నా దగ్గర ఉన్నవన్నీ టైప్‌-సీ పిన్నులే.

నీ మామ