పాత లాప్‌టాప్‌ను అప్పుడే పక్కన పెట్టకండి

ప్రశ్న: మా అమ్మాయి వాడి నాకిచ్చిన లాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. విండోస్ 11కు ఇది పనికిరాదని స్క్రీన్ మీద వస్తోంది. షాపులో కొత్తది కొనమంటున్నారు. తప్పదా?
– ఒక రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: తొందరపడకండి టీచర్ గారూ. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆపేసింది, నిజమే. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ ఉండాలి. మీది అంతకన్నా పాతదై ఉంటుంది.

సెట్టింగ్స్‌లో ‘అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ’ తెరిచి ‘విండోస్ అప్‌డేట్’ చూడండి. అక్కడ ‘ఎన్‌రోల్ నౌ’ కనిపిస్తుంది. లేకపోతే ముందు విండోస్ 10లోనే 22హెచ్2 అనే వెర్షన్‌కు అప్‌డేట్ చేయండి. ‘ఎన్‌రోల్ నౌ’ నొక్కి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగినై, సెట్టింగ్స్ బ్యాకప్‌కు ఒప్పుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పైసా కట్టకుండానే వస్తాయి. దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కిస్తామనేవాళ్ల మాట మాత్రం వినకండి. అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు.

గడువు దాటాక విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకోవచ్చు, అదీ ఉచితమే. మెయిల్, యూట్యూబ్, తెలుగు టైపింగ్ అన్నీ అందులో నడుస్తాయి. వేయించే ముందు ఫొటోలన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయించండి, దగ్గరుండి చూసుకోండి.