తమ్ముడి పెళ్లిలో పాలు కారి జాకెట్టు తడవకుండా ఎలాంటి బ్రెస్ట్ ప్యాడ్లు వాడాలి?

మీకు పురుడై ఐదు వారాలైందని, పాప ఏడిస్తే చాలు రెండు వైపులా పాలు కారి నైటీ తడిసిపోతోందని, ఇంకో పది రోజుల్లో తమ్ముడి పెళ్లి ఉందని రాశారు. ప్యాడ్లలో ఏవి కొనాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు. నాకు ఇద్దరు పిల్లలు. పెద్దదాని అప్పుడు తెలియక పడ్డ బాధ చిన్నవాడి అప్పుడు పడలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, ఇది జబ్బు కాదు. మా అమ్మ దీన్ని చేపు రావడం అంటుంది. పాప ఏడుపు వినగానే, ఒక్కోసారి పాప గుర్తొచ్చినా, ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలను బయటికి నెడుతుంది. అది రక్తంలో కలిసి వచ్చేది కాబట్టి రెండు రొమ్ముల మీదా పనిచేస్తుంది. పాప కుడి వైపు తాగుతుంటే ఎడమ వైపు కారేది అందుకే. చాలామందికి మొదటి రెండు మూడు నెలల్లో పాప తాగేదానికి తగ్గట్టు పాలు సర్దుకుని, కారడం తగ్గిపోతుంది. నాకు పదో వారానికి తగ్గింది. కాబట్టి ప్యాడ్లు ఒకేసారి డజన్ల కొద్దీ కొని పెట్టుకోకండి.

నా సంగతి చెబుతాను. పాప బారసాల 21వ రోజున చేశాం. ఆకుపచ్చ పట్టుచీర, దాని మీదికి కొత్తగా కుట్టించిన జాకెట్టు. లోపల చేతిరుమాలు నాలుగు మడతలు వేసి పెట్టుకున్నాను, చాలనుకున్నాను. ఉయ్యాల్లో వేసే వేళకు పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ వెంటనే రొమ్ముల్లో సూదులు గుచ్చినట్టు చిమచిమలాడింది. రుమాలు తడిసి ముద్దయి ఒక పక్కకు జారిపోయింది. చూస్తుండగానే పట్టు మీద అరచేతంత మరక పాకింది. మా పెద్దత్త ఏమీ మాట్లాడకుండా నా కొంగు తీసి భుజం చుట్టూ కప్పి, పాపను నా చేతుల్లో పెట్టి లోపలికి తీసుకెళ్లింది. గదిలో కూర్చుని పాలిస్తూ ఏడ్చేశాను. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

ఆ మర్నాడే మందుల షాపు నుంచి వాడి పారేసే ప్యాడ్లు తెప్పించాను. పల్చగా ఉంటాయి, లోపలి జెల్ పాలను పీల్చుకుంటుంది, వెనక ఉన్న జిగురు పట్టీ బ్రాకు అంటుకుంటుంది. కారడం ఆగింది కదా అని ఒకటే ప్యాడ్ పూటంతా, రాత్రి పెట్టుకున్నది తెల్లారేదాకా ఉంచేసేదాన్ని. పైగా మే నెల, విజయవాడ ఎండలు. నేను వాడినవాటికి వెనక ప్లాస్టిక్ పొర ఉంది, గాలి ఆడేది కాదు. పది రోజులకే చనుమొనల చుట్టూ ఎర్రబడి, దురద, పాలిచ్చాక కూడా మంట. పాప నోట్లో తుడిచినా పోని తెల్లటి మచ్చలు. డాక్టర్ చూసి ఫంగస్ అని చెప్పి ఇద్దరికీ ఒకేసారి మందులిచ్చారు. ఒకరికే వాడితే మళ్లీ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందట. తడి నిలిచి ఉంటే ఇది పెరుగుతుంది. అప్పటి నుంచి ప్యాడ్ నిండిందా లేదా అని చూడడం మానేశాను, తడి తగిలితే మార్చడమే. మీరు కూడా ఎంత పీల్చుతుంది అన్నదానికంటే చర్మానికి ఆనే వైపు ఎంత పొడిగా ఉంటుంది, వెనక నుంచి గాలి ఆడుతుందా అన్నది ముందు చూసుకోండి.

ఇంకో జాగ్రత్త. చనుమొన పగిలి ఉంటే ప్యాడ్ దానికి అతుక్కుపోతుంది. నేను తెలియక ఒకసారి లాగేశాను, ఎండిన చోట మళ్లీ చిట్లి రక్తం వచ్చింది. గోరువెచ్చని నీళ్లతో ప్యాడ్‌ను తడిపి ఒక నిమిషం ఆగితే దానంతటదే ఊడి వస్తుంది.

ఇంట్లో ఉన్నప్పుడు నాకు హాయిగా అనిపించినవి ఉతికి వాడుకునే నూలు ప్యాడ్లే. ఎనిమిది జతలు కొన్నాను. అవి చాలకపోతే అమ్మ నాన్నగారి పాత పంచె చింపి, గుండ్రంగా కత్తిరించి నాలుగు పొరలు కుట్టి ఇచ్చింది. ఆ మెత్తదనం కొన్నవాటికి రాలేదు. కొత్తవైతే రెండు మూడుసార్లు ఉతికాకే బాగా పీలుస్తాయి. ముందు చన్నీళ్లలో జాడించి తర్వాత సబ్బు పెట్టండి, లేకపోతే పాల వాసన పోదు. బట్టలు మెత్తబడడానికి చివర్లో వేసే ద్రవం మాత్రం వీటికి వద్దు, అది పట్టిన గుడ్డ సరిగా పీల్చుకోదు. ఎండలో ఆరేయండి. వానాకాలంలో ఆరక ఇబ్బంది పెడతాయి, అప్పుడు జతలు ఎక్కువ కావాలి.

కొనే ముందు నేను చేసే పరీక్ష ఒకటుంది. చిన్న ప్యాకెట్ తెచ్చుకోండి. సిరప్ సీసాతో వచ్చే 10 ఎం.ఎల్. కొలత మూతతో రెండు మూతల నీళ్లు ప్యాడ్ మధ్యలో ఒక్కసారిగా పోయండి, చేపు వచ్చినప్పుడు పాలు అలాగే వస్తాయి కాబట్టి. నిమిషం ఆగి పైన టిష్యూ పెట్టి నొక్కండి. టిష్యూ బాగా తడిస్తే ఆ రకం వదిలేయండి. నీళ్లు మధ్యలోనే ఉండకుండా అంచుకు పాకినా వద్దు. పట్టు జాకెట్టు మీద మరక పడేది అంచు నుంచే.

సిలికాన్ ప్యాడ్లు కూడా ఉంటాయి. అవి పీల్చుకోవు, చనుమొనను మెల్లగా అదిమి పాలు రాకుండా ఆపుతాయి. ఐదు వారాలకే అవి వాడొద్దని నా సలహా. పాలు ఇంకా సర్దుకునే సమయంలో మాటిమాటికీ ఆపితే లోపల గడ్డకట్టే ప్రమాదం ఉంది. ప్యాడ్ కదలకూడదని బిగుతు బ్రా వేసుకోవడం కూడా అంతే. రొమ్ములో ఒకచోట గట్టిపడి, ఎర్రబడి, జ్వరం వస్తే ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. ఈలోగా పాలివ్వడం మాత్రం ఆపకండి.

ఇక పెళ్లికి. వాడి పారేసేవే తీసుకోండి, ఆరు జతలు చాలు. మధ్యలో కొంచెం గిన్నెలా వంపు ఉండి, వెనక రెండు జిగురు పట్టీలు ఉన్నవి చూడండి. ఒకే పట్టీ ఉన్నవి చీర సర్దుకునేటప్పుడు జారతాయి. జాకెట్టుకు ముందు హుక్కులు, నూలు లైనింగ్ పెట్టించి, టైలర్‌కు ఒక అంగుళం వదులు చెప్పండి. ప్యాడ్ పెట్టుకుని కొలతలిస్తే ఇంకా మంచిది. లేత రంగు పట్టు కంటే ముదురు రంగు, లేదా ఒంటి నిండా పని ఉన్న జాకెట్టు మేలు. మార్చుకోవడానికి ఇంకో జాకెట్టు, తడి ప్యాడ్లు వేయడానికి ఒక కవరు సంచిలో పెట్టుకోండి.

ఆడపడుచు కాబట్టి మీరు పెళ్లిపీటల దగ్గరే ఉండాల్సి వస్తుంది. ముహూర్తానికి అరగంట ముందు రెండు వైపులా పాలిచ్చి, కొత్త ప్యాడ్లు పెట్టుకుని వెళ్లండి. అక్కడ చిమచిమలాడితే చేతులు కట్టుకుని అరచేతులతో లోపలికి ఒక నిమిషం మెల్లగా అదిమి పట్టండి, చూసేవాళ్లకు మామూలుగా చేతులు కట్టుకున్నట్టే ఉంటుంది. ఆ ఒక్క పూటకు పరవాలేదు, రోజూ వద్దు. విడిదిలో లోపల గడియ పడే గది ఒకటి మీకూ పాపకూ ఉంచమని నాన్నగారికి ఇప్పుడే చెప్పి పెట్టండి. పెళ్లి రోజున అడిగితే దొరకదు.