సోలార్ వేడినీళ్లు వాషింగ్ మిషన్‌కు కలపకండి

అక్కా, మిర్యాలగూడలో మీరు కొన్న కొత్త ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మిషన్‌కు చన్నీళ్ల పైపు ఒక్కటే ఉందని, ఒక్క వాష్‌కు రెండు గంటలు పడుతోందని, బట్టల మీద పౌడర్ తెల్లగా మిగులుతోందని రాశారు. టెన్షన్ పడకండి, మిషన్ బాగానే ఉంది. చన్నీళ్లు తీసుకుని లోపలి హీటర్‌తో తనే వేడి చేసుకుంటుంది, అందుకే అంత టైమ్. టైమ్ తగ్గుతుందని సోలార్ వాటర్ హీటర్ పైపు మాత్రం దానికి కలపొద్దు. మన ఎండలకు ఆ నీళ్లు మరీ కాగి ఉంటాయి, చన్నీళ్ల వాల్వు అంత వేడికి చేసింది కాదు. పైగా రక్తం, గుడ్డు మరకలకు మొదటే వేడినీళ్లు తగిలితే ఇక వదలవు.

తెల్లపొడి సంగతి వేరు, ఉప్పు నీళ్లలో పౌడర్ సరిగా కరగదు. మన బోరు నీళ్లకు బకెట్ అంచున కట్టే తెల్లచారే హీటర్‌కూ పట్టేస్తుంది. వీలైతే భగీరథ పథకం కుళాయి నీళ్లు పెట్టండి. పౌడర్ మానేసి ఫ్రంట్‌లోడ్ లిక్విడ్ వాడండి, డ్రమ్ము కుక్కి నింపకండి. రోజువారీ బట్టలకు 30 డిగ్రీలు, క్విక్ వాష్ చాలు. దుప్పట్లు, టవళ్లకైతే 60 పెట్టండి. అప్పుడప్పుడు ఆ తెల్లచారను వదిలించే డీస్కేలింగ్ పౌడర్ వేసి ఖాళీగా తిప్పండి. పైపు మిషన్‌కు తగిలే చోట చిన్న జాలీ ఉంటుంది. ట్యాప్ కట్టేసి, పైపు విప్పి చూడండి, ఇసుక పట్టి ఉంటే నీళ్లు సన్నగా వస్తాయి. ప్లగ్ 16 ఆంపియర్ సాకెట్‌లోనే పెట్టండి, ఇన్వర్టర్ లైన్‌లో వద్దు.