కోటింగ్ లైనులో చేరిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

లిథియం అయాన్ బ్యాటరీల కర్మాగారంలో నిన్ను ఎలక్ట్రోడ్ విభాగంలో, అందులోనూ రేకుపై పూత పూసే కోటింగ్ లైనులో వేశారని తెలిసి సంతోషించాను. ఓవెన్ నుంచి వచ్చిన యానోడ్ (ఋణ ధ్రువం) పూత రాగి రేకును వదిలి ఊడిపోతోందని, ఉష్ణోగ్రత పెంచాలా తగ్గించాలా అని అడిగావు. ఓవెన్‌లో బయటపడే లోపాలు చాలావరకు స్లర్రీ, అంటే పూతకు వాడే చిక్కటి ద్రవం, కలిపేటప్పుడే పుట్టి ఉంటాయి కనుక ముందుగా మిక్సర్ దగ్గరికి వెళ్లు.

స్లర్రీకి చిక్కదనమిచ్చే సీఎంసీ పొడి నీళ్లలో పూర్తిగా కరిగిందో లేదో చూసుకో. మరుగుతున్న ఎసట్లో రాగిపిండి ఒక్కసారిగా గుమ్మరిస్తే, పైన ఉడికి లోపల పొడిగా మిగిలే ఉండలు ఎలా కడతాయో, తొందరపడి పోసిన సీఎంసీ కూడా అలాగే కడుతుంది. ఆ ఉండలు తర్వాత స్లర్రీ బయటికి వచ్చే సన్నని సందు, అంటే కోటింగ్ డై పెదవి దగ్గర అడ్డుపడి పూతలో చారలుగా కనిపిస్తాయి. గ్రాఫైట్, కార్బన్ బ్లాక్ (సన్నని కార్బన్ పొడి) వేశాక నీళ్లన్నీ ఒకేసారి పోయకుండా, కొంతసేపు ముద్దగానే పిసకనివ్వు. చిక్కగా ఉన్నప్పుడే కణాలు ఒకదానినొకటి రాసుకుని కార్బన్ గుంపులు విడిపోతాయి, పల్చబడ్డాక ఎంత తిప్పినా ఆ రాపిడి రాదు. పూతను పట్టి ఉంచే జిగురైన ఎస్‌బీఆర్ మాత్రం అన్నిటికన్నా చివర, నెమ్మదిగా తిప్పుతూ కలపాలి. అది రబ్బరు పాల వంటిది కాబట్టి మిక్సర్ వేగం ఎక్కువైతే విరిగిపోతుంది.

క్యాథోడ్ (ధన ధ్రువం) వైపు వెళ్లే రోజు కూడా వస్తుంది కనుక ఒక అనుభవం చెబుతాను. ఒక వానాకాలంలో, నికెల్ ఎక్కువగా ఉన్న పొడి సంచిని మా వాళ్లు సాయంత్రం విప్పి, మూతి సరిగా కట్టకుండా వదిలేశారు. మర్నాడు దానితో కలిపిన స్లర్రీ మధ్యాహ్నానికి జున్నులా గడ్డకట్టింది. గరిటె గుచ్చితే నిలబడింది. ఆ పొడి తేమను పీల్చుకుంటే దాని ఉపరితలంపై క్షారం పెరుగుతుంది, ఆ క్షారం పీవీడీఎఫ్ అనే బైండర్‌ను, అంటే జిగురును, దెబ్బతీసి దాని అణువుల గొలుసులను పెనవేస్తుంది. ఎంత సాల్వెంట్ పోసినా అది మళ్లీ పల్చబడలేదు.

ఇక ఆరబెట్టడం గురించి. నేను ఈ పనిలోకి ఆడియో టేపుల పూత నుంచి వచ్చాను. 1991లో తొలి లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకానికి పెట్టిన సోనీకి కూడా ఆ టేపుల అనుభవమే అక్కరకు వచ్చింది. తడి పూత రెండు దశల్లో ఆరుతుంది. మొదట ద్రవం ఆవిరవుతుంటే పూత మందం తగ్గుతూ, కణాలు ఒకదానికొకటి ఆనుకునేదాకా దగ్గరవుతాయి. ఆ తర్వాత మందం తగ్గడం ఆగి, కణాల మధ్య సందులు ఖాళీ కావడం మొదలవుతుంది. సరిగ్గా ఆ మలుపు దగ్గర వేడి గాలి మరీ జోరుగా తగిలితే, చవిటి నేలలో తడి ఆరేకొద్దీ ఉప్పు పైకి తేలినట్లు, ద్రవంతో పాటు బైండర్ కూడా పైకి చేరి పేరుకుంటుంది. రేకు దగ్గర జిగురు మిగలదు కాబట్టి పూత ఊడుతుంది. పైన పేరుకున్న బైండర్ లిథియం అయాన్ల దారికి అడ్డుపడి వేగంగా చార్జ్ కానివ్వదు.

అందుచేత ఓవెన్ మొత్తాన్ని చల్లార్చవద్దు, లైను వేగం తగ్గించి ఉత్పత్తి వాళ్లతో మాట పడవద్దు. ఓవెన్ కిటికీల్లోంచి చూస్తూ పూత తడి మెరుపు పోయి మసకబారే చోటును గుర్తించి, ఆ జోన్‌లోనూ దాని ముందున్న జోన్‌లోనూ ఉష్ణోగ్రతతో పాటు గాలి జోరును కూడా తగ్గించు. చాలామంది గాలి సంగతి మరచి ఉష్ణోగ్రత మీటను మాత్రమే తిప్పుతారు. మందమైన పూతల్లో నెర్రెలు కనిపించినా ఇదే జాగ్రత్త పనికొస్తుంది. నీటి తలతన్యత, క్యాథోడ్ స్లర్రీలో వాడే సాల్వెంట్ ఎన్‌ఎంపీ కంటే చాలా ఎక్కువ కనుక నీటితో కలిపిన పూత ఎండిన చెరువు అడుగులా తొందరగా పగులుతుంది. చివరి తేమ చుక్క దాకా కోటింగ్ ఓవెన్‌లోనే లాగాలని చూడకు. సెల్ కూర్పుకు ముందు వ్యాక్యూమ్ ఓవెన్ ఉన్నది అందుకే.

ఎన్‌ఎంపీ 202 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం, దాని ఆవిరి మండుతుంది, గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. ఓవెన్‌లో ఆవిరి మోతాదును కొలిచే మీటరు అలారం మోగితే, ఎవరు చెప్పినా దాన్ని ఆపి లైను నడపవద్దు.

రేపు ఒక పని చెయ్యి. ఊడుతున్న రోల్ నుంచి మధ్యలో ఒకటి, రెండు అంచుల్లో ఒక్కొక్కటి చొప్పున ముక్కలు కోసి, అతికే టేపు వేసి ఒకే జోరుతో లాగు. రాగి శుభ్రంగా బయటపడితే బైండర్ పైకి పోయిందని మొదట అనుమానించు. రేకు మీదా టేపు మీదా నలుపు మిగిలితే పూత లోపలే బలం లేదని, కలపడంలో తప్పుందని భావించు. ఆ టేపు ముక్కలను తెల్ల కాగితంపై అంటించి, పక్కన బ్యాచ్ నంబరు, జోన్ల సెట్టింగులు రాసి ఫొటో పంపు, చూసి మళ్లీ రాస్తాను.

మీ మామయ్య