వీధిలో తీసిన ఫోటోను చెరిపించే అధికారం పోలీసుకు ఉందా?

ప్రశ్న: సెలవురోజుల్లో కెమెరా పట్టుకుని వీధుల్లో తిరగడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఈ మధ్య ఒక రైల్వే స్టేషన్ బయట మెట్లమీద సాయంత్రపు నీడలు పడుతుంటే ఫోటోలు తీస్తున్నాను. ఒక పోలీసు అధికారి వచ్చి, ఎవరి అనుమతితో తీస్తున్నారని గద్దించి, ఆ రోజు తీసినవన్నీ నా చేతనే ఒక్కొక్కటిగా డిలీట్ చేయించారు. ఏ చట్టం కిందో చెప్పలేదు, కాగితం మీద ఏమీ రాయలేదు. ఆయనకు ఆ అధికారం ఉందా? మళ్లీ ఇలా జరిగితే నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది "నా చేతనే ఒక్కొక్కటిగా" అన్న మాట. ఇలాంటి సందర్భాల్లో నిజానికి మూడు వేర్వేరు విషయాలు కలిసిపోతుంటాయి: మిమ్మల్ని ఆపి ప్రశ్నించడం, కెమెరాను చేతిలోకి తీసుకోవడం, ఫోటోలు చెరిపించడం. మొదటిది చాలా దేశాల్లో పోలీసులు చేయవచ్చు. రెండోదానికి చట్టం చెప్పిన కారణం ఉండాలి, స్వాధీనం చేసుకున్నట్టు రాతపూర్వకమైన ఆధారమూ ఉండాలి. మూడోది మాత్రం, పోలీసులు చట్టానికి జవాబు చెప్పుకోవలసిన దేశాల్లో, వీధిలో నిలబడిన అధికారి సొంత నిర్ణయంతో చేయగల పని కాదు. ఆ ఫోటోలో నేరమేదైనా ఉంటే అది సాక్ష్యం. సాక్ష్యాన్ని కాపాడవలసినవాడే దాన్ని చెరిపించకూడదు. నేరమేమీ లేకపోతే అది మీ సొత్తు, దాని జోలికి రావడానికి ఆయనకు కారణమే లేదు. ఎటు చూసినా డిలీట్ బటన్ నొక్కించడానికి దారి లేదు.

ఈ మాట పోలీసులే ఒప్పుకున్న సందర్భాలున్నాయి. లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు ప్రచురించిన సూచనల్లో, బహిరంగ ప్రదేశంలో ఫోటో తీయడానికి అనుమతిపత్రం అక్కర్లేదనీ, తనిఖీ సమయంలో ఫోటోలు చెరిపే అధికారం అధికారులకు లేదనీ స్పష్టంగా ఉంది. ఆ స్పష్టత ఊరికే రాలేదు. బ్రిటన్‌లో 2000 నాటి ఉగ్రవాద నిరోధక చట్టంలోని 44వ సెక్షన్, నిర్ణయించిన ప్రాంతాల్లో ఏ అనుమానమూ లేకుండానే ఎవరినైనా ఆపి సోదా చేసే వీలు కల్పించింది. ఆ నిర్ణయాన్ని 2001 నుంచి లండన్ మహానగరం మొత్తానికి ఎప్పటికప్పుడు పొడిగిస్తూ పోయారు. మెడలో కెమెరా ఉండటమే అనుమానానికి చాలినంత కారణమైంది. 2003లో ఆయుధాల ప్రదర్శన దగ్గర నిరసనను చిత్రీకరించడానికి వెళ్లిన ఒక పాత్రికేయురాలినీ, నిరసనలో పాల్గొనడానికి వెళ్తున్న ఒక విద్యార్థినీ ఇలాగే ఆపారు. వాళ్లు పట్టువదలకుండా యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లగా, 2010 జనవరిలో ఆ అధికారం వ్యక్తిగత జీవితాన్ని గౌరవించే హక్కుకు విరుద్ధమని తీర్పు వచ్చింది. అదే నెలలో ఫోటోగ్రాఫర్లు ట్రఫాల్గర్ స్క్వేర్‌లో గుమిగూడి నిరసన తెలిపారు. ఆ ఏడాది జులైలో ప్రభుత్వం మనుషులను సోదా చేయడానికి ఆ సెక్షన్‌ను వాడటాన్ని నిలిపివేసింది, 2012లో చట్టం నుంచే తొలగించింది.

అమెరికాలో 2010లో బాల్టిమోర్‌లో ఒక వ్యక్తి ఫోన్‌లోని వీడియోలను పోలీసులు చెరిపేశారన్న వ్యాజ్యం నడుస్తుండగా, వారంట్ లేకుండా అలాంటి రికార్డింగులను లాక్కోవడం, చెరిపేయడం రాజ్యాంగ విరుద్ధమని 2012లో కేంద్ర న్యాయశాఖ రాతపూర్వకంగా తెలియజేసింది. అరెస్టు చేసిన మనిషి ఫోన్‌నైనా సరే వారంట్ లేకుండా తెరిచి చూడకూడదని అక్కడి సుప్రీంకోర్టు 2014లో ఏకగ్రీవంగా చెప్పింది.

అయితే మీవైపు నుంచి కూడా ఒక విషయం సరిచూసుకోవాలి. ఆ మెట్లు వీధిలోవా, స్టేషన్‌వా? జనం తిరిగే చోటల్లా చట్టం దృష్టిలో బహిరంగ ప్రదేశం కాదు. స్టేషన్ ఆవరణ, దుకాణ సముదాయం, ప్రదర్శనశాల వంటి చోట్ల ఆ స్థలం యాజమాన్యం ఫోటోలు వద్దనవచ్చు, కాదంటే బయటికి వెళ్లమనవచ్చు. అప్పుడు కూడా అప్పటికే తీసిన ఫోటో మీదే. సైనిక స్థావరాలు, ఆయుధ కర్మాగారాల సంగతి వేరు. భారతదేశపు 1923 నాటి అధికార రహస్యాల చట్టంలో "స్కెచ్" అన్న మాట నిర్వచనంలోనే ఫోటోను చేర్చారు; దేశభద్రతకు హాని చేసే ఉద్దేశంతో నిషిద్ధ స్థలాన్ని చిత్రించడం అక్కడ పెద్ద నేరం. అలాంటి చోట బోర్డు కనిపిస్తే కెమెరా సంచిలో పెట్టుకోవడమే మంచిది, దానిమీద వాదనకు దిగకండి.

ఇంకోసారి ఎవరైనా ఆపితే గొంతు పెంచకుండా రెండే ప్రశ్నలు అడగండి: "ఏ చట్టం కింద ఆపారు? నేను వెళ్లవచ్చా, ఆగాలా?" కెమెరా తీసుకుంటే రసీదు అడగండి. డిలీట్ చేయమంటే, "నా అంతట నేను చేయను, కావాలంటే స్వాధీనం చేసుకుని కాగితం ఇవ్వండి" అని నిదానంగా చెప్పండి. చాలా సందర్భాల్లో కాగితం మాట వచ్చేసరికి విషయం అక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే మాత్రం పెనుగులాడకండి. అధికారి పేరు, బ్యాడ్జి సంఖ్య, సమయం, చోటు గుర్తుపెట్టుకుని వెంటనే రాసుకోండి. ఆ నాలుగూ ఉంటేనే పై అధికారికి మీరిచ్చే ఫిర్యాదు నిలబడుతుంది.

పోయిన ఫోటోల గురించి మీరు అడగలేదు గానీ, అవి ఇంకా కార్డులోనే ఉండవచ్చు. కెమెరాలో డిలీట్ నొక్కితే సాధారణంగా ఫోటో వెంటనే చెరిగిపోదు. ఆ చోటు ఖాళీగా ఉందని కార్డు పట్టికలో గుర్తు పడుతుంది, అంతే. దానిమీద కొత్త ఫోటో వచ్చి కూర్చునేదాకా పాతది అలాగే ఉంటుంది. కాబట్టి ఆ కార్డుతో మరొక్క ఫోటో కూడా తీయకుండా, ఫార్మాట్ చేయకుండా, బయటికి తీసి పక్కన పెట్టి, ఫైళ్లను తిరిగి రాబట్టే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లో చదివించండి. ఫోన్‌తో తీసినవైతే ముందు డిలీటైన ఫోటోల ఫోల్డర్ చూడాలి. చాలా ఫోన్లలో అవి కొన్ని వారాలు అక్కడే ఉంటాయి.

ప్రశ్న: రోడ్డుమీద నడుస్తున్న నన్ను ఎవరో ఫోటో తీసి ప్రదర్శనలో పెట్టారు. పోలీసులను అడిగితే వీధిలో ఫోటో తీయడం నేరం కాదన్నారు. నా ముఖం మీద నాకు హక్కు లేదా?

జవాబు: ఉంది, కానీ అది ఎక్కువగా పోలీసుల పరిధిలోది కాదు, సివిల్ కోర్టుది. తీయడం వేరు, ప్రచురించడం వేరు. మెట్టుమీద కూర్చున్న 17 ఏళ్ల అమ్మాయి ఫోటోను ఆమె అనుమతి లేకుండా పత్రికలో వేసినందుకు పరిహారం చెల్లించవలసిందేనని కెనడా సుప్రీంకోర్టు 1998లో అక్కడి క్విబెక్ రాష్ట్ర చట్టం ప్రకారం తీర్పిచ్చింది. న్యూయార్క్‌లో 2006లో దాదాపు ఇలాంటి ఫిర్యాదునే అది కళ అన్న కారణంతో కోర్టు తోసిపుచ్చింది. జర్మనీలో 1907 నుంచీ ఒక వ్యక్తి ఫోటోను ప్రచురించాలంటే ఆ వ్యక్తి సమ్మతి కావాలి, కొన్ని మినహాయింపులున్నాయి. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2018లో వీధి ఫోటోగ్రఫీ కూడా కళేనని ఒప్పుకుంటూనే, రద్దీ రోడ్డు పక్కన ఒక మహిళ ఫోటోను పెద్ద సైజులో ప్రదర్శించిన వ్యవహారంలో ఫోటోగ్రాఫర్ వేసిన అప్పీలును అంగీకరించలేదు. నాకు ఈ మధ్యేమార్గమే న్యాయంగా తోస్తుంది. ముందు ప్రదర్శకులకు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపి, ఆ ఉత్తరం నకలుతో న్యాయవాదిని కలవండి. దుస్తుల కిందనుంచి గానీ, గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు గానీ చాటుగా తీసిన ఫోటో అయితే అది చాలా దేశాల్లో నేరమే. అప్పుడు పోలీసులు కాదనకూడదు.

ప్రశ్న: విధుల్లో ఉన్న పోలీసులను ఫోటో తీయవచ్చా?

జవాబు: పనికి అడ్డం పడనంత దూరంలో నిలబడితే తీయవచ్చు అనే వైపే న్యాయస్థానాలు మొగ్గుతున్నాయి. అమెరికాలోని బోస్టన్‌లో అరెస్టును ఫోన్‌తో చిత్రీకరించిన వ్యక్తిని పట్టుకున్న కేసులో 2011లో అప్పీళ్ల కోర్టు ఇది రాజ్యాంగ హక్కేనని చెప్పింది, నగరపాలక సంస్థ ఆయనకు 1,70,000 డాలర్లు చెల్లించింది. స్పెయిన్‌లో 2015 నాటి చట్టం పోలీసుల చిత్రాలను "అనుమతి లేకుండా" వాడటాన్ని శిక్షార్హం చేస్తే, ముందస్తు సెన్సార్ అవుతుందంటూ రాజ్యాంగ న్యాయస్థానం 2020లో ఆ మాటను కొట్టేసింది. వాళ్ల భద్రతకు ముప్పు తెచ్చే వాడకంపై నిషేధం మాత్రం అక్కడ ఇంకా ఉంది. ఎంత దూరమన్నది చాలా చట్టాలు అంగుళాల్లో చెప్పవు. వెనక్కి జరగమంటే నాలుగడుగులు జరిగి, కెమెరా దించకుండా తీస్తూ ఉండండి.