ఎండీ జీతానికి కళ్లెం వేసేది ఎవరు?

ప్రశ్న: నేను భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడిని. మా అమ్మాయి హన్మకొండలో బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. ఎవరో ఎండీకి కోట్లలో జీతమని పేపర్లో చూసినప్పటి నుంచి ‘అది ఎవరు తేలుస్తారు, ఎవరు ఆపుతారు’ అంటూ కంపెనీ సెక్రటరీ కోర్సు చేస్తానంటోంది. చుట్టాలు బ్యాంకు పరీక్షలు రాయించమంటున్నారు. ఈ చదువుతో బతుకుదెరువు ఉంటుందా?

జవాబు: ఉంటుంది. అయితే ముందు మీ అమ్మాయి ప్రశ్న సంగతి చూద్దాం, చుట్టాల మాట తర్వాత.

లాభాల్లో కార్మికుల వాటా ఎంత శాతమో తేలేదాకా మీ కాలనీలో ఎంత చర్చ నడుస్తుందో మీకు తెలుసు. పైవాళ్ల జీతానికీ అలాంటి లెక్కే ఉంది. 2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ కంపెనీలో (అంటే సర్కారుది అని కాదు, ప్రైవేట్ లిమిటెడ్ కానిది) డైరెక్టర్లకూ మేనేజర్‌కూ కలిపి ఇచ్చేది నికర లాభంలో 11 శాతం మించకూడదు. ఒక్క ఎండీకైతే 5 శాతం. ఆ 5 దాటాలంటే వాటాదారుల ముందు ప్రత్యేక తీర్మానం పెట్టి, పోలైన ఓట్లలో కనీసం 75 శాతం తెచ్చుకోవాలి. 11 దాటడానికి ఒకప్పుడు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాల్సి వచ్చేది. 2018 నుంచి వాటాదారులు ఒప్పుకుంటే చాలు. తమాషా ఏమిటంటే, ప్రభుత్వ కంపెనీలకు ఈ సెక్షన్ నుంచి మినహాయింపు ఉంది కాబట్టి మీ సింగరేణికి ఇది వర్తించదు.

ఓటుకు విలువ ఉందా అంటే, ఉంది. 2021 ఆగస్టులో రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్లు తయారుచేసే ఐషర్ మోటార్స్‌లో ఎండీ పునర్నియామకం, జీతం కలిపి పెట్టిన తీర్మానం వీగిపోయింది. సగానికి పైగా ఓట్లు అనుకూలంగానే పడ్డాయి, 75 మాత్రం దాటలేదు. కంపెనీ జీతం గరిష్ఠ పరిమితిని తగ్గించుకుని మళ్లీ వాటాదారుల ముందుకు వచ్చాక గానీ పని జరగలేదు.

ఇక మీ అమ్మాయికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. కంపెనీ సెక్రటరీ ఆ జీతాన్ని అడ్డుకునే మనిషి కాదు. సమావేశం నోటీసు, తీర్మానం, దాని వివరణ సిద్ధం చేసి, అంతా చట్టప్రకారం జరిగేలా చూసే మనిషి. తన జీతమూ ఆ కంపెనీయే ఇస్తుంది. ‘ఈ తీర్మానానికి వ్యతిరేకంగా ఓటెయ్యండి’ అని మదుపరులకు సలహా చెప్పే ప్రాక్సీ సలహా సంస్థలు వేరే ఉన్నాయి. అవి కొన్నే, ముంబై, బెంగళూరు లాంటి చోట్ల ఉంటాయి. పోట్లాడాలన్న ఉబలాటమే అసలు కారణమైతే కంపెనీ సెక్రటరీ (సీఎస్) కోర్సు తర్వాత అటు వెళ్లవచ్చు, లేదా లా చదవవచ్చు.

బతుకుదెరువు సంగతి. ప్రతి లిస్టెడ్ కంపెనీకీ (షేర్లు స్టాక్ మార్కెట్లో నమోదైనది), వాటాదారులు చెల్లించిన మూలధనం 10 కోట్ల రూపాయలు, ఆపైన ఉన్న కంపెనీలకూ పూర్తికాలపు సెక్రటరీ ఉండాలని చట్టం. ప్రవేశపరీక్ష సీఎస్ఈఈటీ, తర్వాత ఎగ్జిక్యూటివ్, ప్రొఫెషనల్ దశలు, 21 నెలల శిక్షణ. శిక్షణకూ ఉద్యోగానికీ హైదరాబాద్ వెళ్లక తప్పదు. వరంగల్‌లో అలాంటి కంపెనీలు తక్కువ. పాసవడం కూడా తేలిక కాదు, రెండు మూడు ప్రయత్నాలు పట్టినా కంగారు పడకండి.

ఫీజు కట్టే ముందు ఒక పని చేయించండి. ఏదైనా లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. బోర్డు నివేదిక అనుబంధాల్లో ఒక చిన్న పట్టిక ఉంటుంది: ఉద్యోగుల జీతాల మధ్యగతంతో (జీతాలన్నీ వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె) పోలిస్తే ఒక్కో డైరెక్టరు జీతం ఎన్ని రెట్లో అక్కడ రాసి తీరాలి. ఆ పట్టిక తానే వెతికి పట్టుకుని, ఆ అంకె ఎలా వచ్చిందో మీకు విడమరచి చెప్పమనండి. చెప్పగలిగితే ఫీజు కట్టేయండి. పది పుటలకే ఆవలింతలు వస్తే, బ్యాంకు పరీక్షలు ఎక్కడికీ పోవు.