డాలరు ఎక్కడ ఆగిందో చూడు

చి. తమ్ముడికి,

ఐస్ హాకీ ఆటగాళ్ల జీతాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యం కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. 'టీవీ డబ్బు వెల్లువెత్తడంతో జీతాల పరిమితి ఆకాశాన్నంటింది' అన్నావు. ఆ వెల్లువకూ ఆకాశానికీ నడుమ ఏం జరిగిందో చూడకుండా రాసిన వాక్యమది. ఇంకో మాట. హాకీ అనగానే మన పాఠకుడికి గుర్తొచ్చేది ధ్యాన్‌చంద్. నువ్వు రాస్తున్నది మంచు మీద ఆడే ఆట గురించి, అమెరికా, కెనడా జట్లు ఆడే ఎన్‌హెచ్‌ఎల్ అనే లీగ్ గురించి. ఆ సంగతి మూడో పేరాలో కాదు, మొదట్లోనే చెప్పు.

ఒక జట్టు తన ఆటగాళ్లందరి జీతాలకు కలిపి ఏడాదికి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదన్న పరిమితి ఉండాల్సిందేనని యజమానులు, వద్దని ఆటగాళ్ల సంఘం పట్టుబట్టడంతో 2004-05 సీజన్ మొత్తం రద్దయింది. ఆ మరుసటి ఏడాది 3 కోట్ల 90 లక్షల డాలర్లతో మొదటి పరిమితి వచ్చింది. 2013 ఒప్పందం నుంచి ఆట మీద వచ్చే ఆదాయంలో ఆటగాళ్లకు సగం, యజమానులకు సగం. దీన్ని నువ్వు రెండు ముక్కల్లో తేల్చేశావు. వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది.

కాగితం తీసుకుని లెక్క వెయ్యి. కొత్త ప్రసార హక్కుల వల్ల ఏడాదికి 10 కోట్ల డాలర్లు అదనంగా వచ్చాయనుకో. ఆటగాళ్ల వాటా 5 కోట్లు. దాన్ని 32 జట్లకు పంచితే ఒక్కో జట్టుకు దాదాపు 15 లక్షల 60 వేలు. అది మధ్య గీత. పై పరిమితి దానికి 15 శాతం ఎక్కువ, కింది పరిమితి 15 శాతం తక్కువ. అంటే పది కోట్ల వార్తకు పై పరిమితిలో పెరిగేది సుమారు 18 లక్షలు. శీర్షికలో పది కోట్లు పెట్టి ఈ 18 లక్షలు చెప్పకపోతే అది కాకిలెక్కే.

కింది పరిమితిని నువ్వసలు పట్టించుకోలేదు. టొరంటో వంటి పెద్ద నగరం జట్టు స్థానిక ప్రసారాలతో సంపాదించేది కూడా ఈ ఉమ్మడి లెక్కలోకే వస్తుంది. ఆ సంపాదన లేని చిన్న జట్టు కూడా జీతాలకు కనీసం ఇంత ఖర్చు పెట్టి తీరాలి. పెద్ద జట్ల నుంచి కొంత సాయం అందినా, పక్కింటి రాబడి పెరిగితే తన ఖర్చు పెరగడం ఆ యజమానికి మింగుడుపడదు. ఈ బాధ మీద ఒక పేరా రాయి.

ఇక అసలు కథకు వస్తాను. అమెరికాలో ప్రసార హక్కులకు ఎన్‌బీసీ టీవీ సంస్థ పదేళ్లకు 200 కోట్ల డాలర్లిచ్చింది, అంటే ఏడాదికి 20 కోట్లు. 2021లో ఈఎస్‌పీఎన్, టర్నర్ వచ్చాక అది 60 కోట్లు దాటిందని పత్రికలు రాశాయి. మూడు రెట్లు! మరి 2021-22 పరిమితి ఎంత? 8 కోట్ల 15 లక్షలు. 2019-20లోనూ అంతే. కరోనా కాలంలో గ్యాలరీలు ఖాళీ అయ్యాయి. ఈ ఆటకు టికెట్ల రాబడే పెద్ద దిక్కు. ఆదాయం పడిపోయినా జీతాలు ఒప్పందాల ప్రకారమే ఉండటంతో ఆటగాళ్లు తమ సగం కన్నా ఎక్కువ తీసుకున్నట్టయి, యజమానులకు బాకీ పడ్డారు. బాకీ తీరేదాకా పరిమితి దాదాపు కదలలేదు. తీరాక చూడు: 2025-26కు 9 కోట్ల 55 లక్షలు, ఆ తర్వాతి ఏడాదికి 10 కోట్ల 40 లక్షలు.

ఆటగాళ్ల వాటాను సగానికి సర్దే పద్ధతి పేరు ఎస్క్రో. జీతంలో కొంత పక్కన పట్టి ఉంచి, ఏడాది చివర లెక్క తేలాక వాళ్లకు రావాల్సినంతే ఇస్తారు. సగపాలు సాగులో కళ్లంలో గింజలు కొలిచాక గానీ ఎవరి వాటా ఎంతో తేలదు కదా, అలాంటిదే. ఈ పోలిక నీకు ఉచితంగా ఇస్తున్నాను, వాడుకో. ఐపీఎల్ పోలిక మాత్రం తీసెయ్. 2023-27 హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడైన మాట నిజమే, 2025 వేలానికి ఒక్కో జట్టు పర్సు 120 కోట్లయిన మాటా నిజమే. కానీ ఆ పర్సు ఆటగాళ్ల సంఘంతో కుదిరిన సగం వాటా లెక్కలోంచి పుట్టింది కాదు.

మారకం సంగతి కూడా మరిచావు. 2013 చివర్లో కెనడాకు చెందిన రోజర్స్ సంస్థ అక్కడి ప్రసార హక్కులకు పన్నెండేళ్లకు 520 కోట్లకు పైగా ఇస్తానంది, కెనడా డాలర్లలో. జీతాలేమో అమెరికా డాలర్లలో. 2013 మొదట్లో దాదాపు సమానంగా ఉన్న కెనడా డాలరు 2015 వేసవికి 80 సెంట్ల దగ్గరికి దిగింది. ఆ ఏడాది పరిమితి 6 కోట్ల 90 లక్షల నుంచి 7 కోట్ల 14 లక్షలకే చేరింది.

అదే సంస్థ 2026-27 నుంచి మరో పన్నెండేళ్లకు 1,100 కోట్ల కెనడా డాలర్లకు ఒప్పుకుంది. నీ చివరి పేరా దాని మీదే ఉంది కాబట్టి, అమెరికా డాలర్లలోకి మార్చి, సగం చేసి, 32తో భాగించి తిరగరాయి. ఆదివారంలోగా పంపితే చూసిపెడతాను.

ఇట్లు,
మీ అన్నయ్య